రుచియు ఋణమును

పంచేంద్రియములలో జిహ్వకు తాత్త్వికులు మర్యాద చేసిన జాడ తక్కువ. కన్నునకు దర్శనముతోడను, చెవికి శ్రవణముతోడను సంబంధము కల్పించి, ఆ రెంటిని ముక్తిమార్గమున పరిచారకులుగా అంగీకరించినవారే, నాలుకను మాత్రము ఇంట చేర్చుకొన్న దొంగవలె కనిపెట్టియుండుడని శిష్యులను హెచ్చరించిరి. అట్టి జిహ్వ కోరినదని, ఒకసారి చూచివచ్చిన పరదేశమునకు, అందును మహానగరములకును చిత్రశాలలకును గాక కొండనడుమ పల్లెలకు, మరల పోవ సంకల్పించి, ఏ ఊరిలో ఏమి భుజింపవలెనో ముందుగానే కాగితముపై వ్రాసికొనువాడు తన్ను తాను ఒక ప్రశ్న అడిగికొనక తప్పదు. తీర్థమునకు మరల పోవువానిని లోకము భక్తుడనును. భోజనమునకు మరల పోవువానిని తిండిపోతనును. ఈ రెండు పునర్యాత్రలకు గల భేదము గమ్యమునందున్నదా, పోవువాని మనస్సునందున్నదా?

నేను మరల పోదలచిన సీమ, ఇటలీ దేశమును నిలువున రెండుగా పాయదీయుచు సాగిన అపెనైన్ పర్వతపంక్తిలోని నడిమిభాగము. ఉంబ్రియా మండలమందలి నోర్చా పట్టణమున మొదలుపెట్టి, కాస్తెల్లూచ్చో పీఠభూమిని ఎక్కి దిగి, అమత్రీచే మీదుగా లాక్విలా నగరము చేరి, అచటినుండి 2912 మీటర్ల ఎత్తుతో ఆ పర్వతపంక్తికెల్ల అగ్రమైన గ్రాన్ సాస్సో వాలులలోని సాంతో స్తెఫానో ది సెస్సానియో, కాస్తెల్ దెల్ మొంతే అను పల్లెలను చూచి, నవెల్లి మైదానమునకు దిగి, సుల్మోనాను దాటి, మార్సికా కొండలలోని విల్లవల్లెలొంగాలో ముగించుట ప్రయాణక్రమము. మొదట వ్రాసికొన్న పట్టికలో ఊరిపేరు ప్రక్కన వంటకము పేరు మాత్రమే ఉండెను. కాస్తెల్లూచ్చోలో పలుచని తొక్కగల మసూరుపప్పు. అమత్రీచేలో టొమాటోలును, ఉప్పుపట్టించి ఎండబెట్టిన పందిచెంప మాంసమును, పెకొరీనో చీజును కలిపి వండు పాస్తా. సాంతో స్తెఫానోలో, వెల్లుల్లియు లారెల్ ఆకును తప్ప వేరొక సంభారమెరుగని నల్లమసూరు సూపు, దానితో కాల్చిన రొట్టెయు ఆలివ్ నూనెయు. కాస్తెల్ దెల్ మొంతేలో గొర్రెపాలతో చేసి నెలల తరబడి మాగవేసిన పెకొరీనో. నవెల్లిలో కుంకుమపువ్వు చేర్చిన రిసొత్తో. ఆ పట్టికను చూచి నా భార్య ఒక్క మాట అడిగినది: “ఏమండీ, పోయినసారి సాంతో స్తెఫానోలో మనకు పప్పు వండిపెట్టిన ఆ పెద్దావిడ ఇప్పుడు వంట మానేసి ఉంటే, ఆ ఊరి పేరు కొట్టేస్తారా?”

వేదాంతులు నాలుకపై మోపిన అభియోగమంతయు ఈ చిన్న ప్రశ్నలో ఇమిడియున్నది. విషయములను పదేపదే ధ్యానించువానికి వానియందు సంగము పుట్టుననియు, సంగమువలన కామము పుట్టుననియు గీత రెండవ అధ్యాయము క్రమము నిరూపించినది. భోజనపట్టికను నెలల ముందు వ్రాసి, దానిని నిత్యము తీసి చూచుకొనుటకంటె ఈ ధ్యానమునకు మంచి ఉదాహరణము దొరకదు. 387లో మిలాను నగరమున జ్ఞానస్నానము పొందిన అగస్టీను, తన ‘కన్ఫెషన్స్’ పదవ భాగములో, వేరొక దారిని ఇచటికే వచ్చెను. ఆహారమును ఔషధమువలె సేవింపవలెనని నేర్చికొన్నను, ఆకలినుండి తృప్తికి పోవు మార్గమునందే సుఖము మాటువేసియుండుననియు, దేహమునకు చాలినది సుఖమునకు చాలదనియు, తినునది దేని కొరకో తేలని ఆ సందిగ్ధమును చూచి అభాగ్యమైన ఆత్మ సంతోషించుననియు ఆయన బాధపడెను. భారతభూమిని పుట్టిన శాస్త్రమును, ఆఫ్రికాలో పుట్టిన బిషప్పును ఇట్లు ఏకవాక్యముగా పలుకుచుండ, పట్టికను చింపివేసి ఇంట కూర్చుండుటయే శ్రేయస్సని తోచును.

కాని గీతయే ఆ సులభోపాయమును నిరాకరించినది. ఆహారము మానినవానినుండి విషయములు తొలగినను వానియందలి రసము తొలగదనియు, పరమును చూచిన పిమ్మటనే అదియు మరలుననియు దాని సిద్ధాంతము. ప్రయాణము మానినంత మాత్రమున ఆ పప్పు నా మనస్సును విడువదు. విడువకపోగా, చేరరాని వస్తువునకు సహజమైన అతిశయమును కూడ ధరించి అచటనే పెరుగును. కావున ప్రశ్నను వర్జనమువలన గాక విచారమువలననే తీర్చుకొనవలెను; ఆ విచారమునకు తగిన గురువులు ఆ కొండలలోనే కలరు.

నోర్చా పట్టణమున సుమారు 480 ప్రాంతమున బెనెడిక్టు జన్మించెను. పాశ్చాత్య మఠజీవనమునకు ఆధారమైన ఆయన నియమగ్రంథములో ముప్పదితొమ్మిదవ అధ్యాయము ఆహారపరిమాణమును గూర్చినది. దినమునకు ఒక పౌను రొట్టెయు, రెండు వండిన పదార్థములును చాలునని విధించి, రెండేల యనగా, ఒకటి సరిపడనివానికి రెండవది సరిపడవచ్చునని ఆయన హేతువు చెప్పెను. జిహ్వను నిగ్రహింపవలసిన శాస్త్రములో జిహ్వాభేదమునకు ఇంత దయతో చోటిచ్చుట నాకు ఎంతయో గొప్పగా తోచును. ఏబదిమూడవ అధ్యాయములో, మఠమునకు వచ్చు అతిథి ఎవడైనను క్రీస్తునివలె ఆదరింపవలెనని శాసించెను. ఇచట మితము అన్నమునందలి ద్వేషమువలన పుట్టినది కాదు. పంక్తిలో కూర్చున్న ఇతరుల యందలి గమనికవలన పుట్టినది. ఆ నోర్చాయే పందిమాంసమును ఉప్పుతోను పొగతోను నిలువచేయు విద్యకు ఎంత ప్రసిద్ధి పొందినదనగా, ఇటలీ యంతటను ఆ సరకు అమ్ము అంగళ్లకు ఆ ఊరిపేరే స్థిరపడినది. సంయమశాస్త్రమును, పాకశాస్త్రమును ఒకే లోయ కన్నది. తన బిడ్డలలో ఒకరికొరకు మరియొకరిని విడువవలసిన అగత్యము దానికి తోచలేదు.

రెండవ గురువు పియెత్రో అను సన్న్యాసి. సుల్మోనాకు ఎగువను మొరోనే పర్వతగుహలో ఉపవాసములతో కాలము గడుపుచుండగా, రెండేండ్లకు పైగా పోపు నెన్నుకొనలేక తర్జనభర్జన పడిన కార్డినళ్లు 1294 జూలైలో ఆయననే ఎన్నుకొనిరి. ఆగస్టు 29న లాక్విలాలోని కొల్లెమాజ్జో దేవాలయమున సెలెస్టీను అను పేర కిరీటము ధరించిన ఆ వృద్ధుడు, అదే సంవత్సరము డిసెంబరు 13న ఆ పదవిని తానే త్యజించెను. తన గుహకు మరల పోవుటకంటె ఆయన కోరినది లేదు. ఆ కోరిక ఒక్కటియు ఆయనకు చెల్లలేదు. తరువాత వచ్చిన పోపు ఆయనను పట్టి తెప్పించి ఫుమోనే కోటలో ఉంచగా, 1296 మేలో అచటనే కన్నుమూసెను. ఈ వృత్తాంతము నా ప్రశ్నను మరింత చిక్కుపరచుచున్నది. ఏమనగా, సర్వమును విడిచినవానికి కూడ మరల పోవలెనను తపన ఉండగలదు. దాని గమ్యము విందు గాక ఉపవాసస్థానమైనంత మాత్రమున తపన తపన కాకపోదు. కావున కోరిక యొక్క మంచిచెడ్డలు అది కోరు వస్తువును బట్టి తీరునవి కావు. భోజనమునకు పోవువానియందే దోషమున్నదనియు, గుహకు పోవువానియందు లేదనియు ముందుగా తీర్పు చెప్పుట తొందరపాటు. పోయి ఏమి అడుగునో చూడవలెను.

మరల పోవువాడు సాధారణముగా అడుగునది “అదే” అనునది. అదే గది, అదే బల్ల, అదే రుచి. ఈ “అదే” ఎచటనైన కలదా? కార్యము ఒక కారణమువలన గాక కారణసామగ్రి వలన కలుగునని నైయాయికులందురు. ఆ సామగ్రిలో ఒక్కటి తప్పినను కార్యము పుట్టదు, మారినచో మరియొక కార్యము పుట్టును. సాంతో స్తెఫానోలోని ఆ పప్పు రుచికి సామగ్రి ఏమి? గ్రామము 1250 మీటర్ల ఎత్తున ఉన్నది. సున్నపురాతి నేల పలుచన, శీతకాలము దీర్ఘము, మంచు కరగిన పిమ్మట విత్తిన మసూరు, వేసవి చివర పండి, గింజ మిక్కిలి చిన్నదై ముందుగా నానబెట్టకయే ఉడుకును. పొలములు చిన్నవి; కాయలు ఒక్కమారుగా పండవు; అందువలన కోతపని బహుభాగము చేతులతో చేసికొనవలసి వచ్చెను. అట్టి కష్టమునకు ఓర్చు చేతులు కొలదివి. నూరుమంది నివసించుటయే గగనమైన ఆ ఊరు, 2009 ఏప్రిల్ 6న లాక్విలాను కూల్చి 309 మందిని పొట్టనబెట్టుకొన్న భూకంపమున తన మధ్యయుగపు బురుజును పోగొట్టుకొని, ఏండ్ల పిమ్మట దానిని మరల కట్టుకొన్నది. ఈ నేల, ఈ చలి, ఈ చేతులు, వీనికి తోడు దినమంతయు కొండ నడిచి వచ్చిన నా ఆకలి: ఇవి అన్నియు ఆ సాయంకాలము ఒకచోట కూడినవి. ఆ కూడికకు రుచి యని పేరుపెట్టి, గిన్నెలో ఉన్నదని భ్రమించి, మరల ఆ గిన్నెను అడుగుట అవిచారము. తీర్థములోనైనను దేవుడు మునుపు అనుగ్రహించిన పులకరింతనే మరల అనుగ్రహింపుమని పట్టుబట్టువాడు ఇట్టి అవిచారియే. అతని కోరికకు పువ్వులు చుట్టియుండుట ఒక్కటే విశేషము.

అమత్రీచే ఈ విషయమును నిష్ఠురముగా బోధించును. 2016 ఆగస్టు 24న, తెల్లవారకముందే, తన పేరు గల పాస్తా వంటకమునకు ఏటేట చేయు ఉత్సవము ఇంక కొన్ని దినములే ఉన్నదనగా, ఆ పట్టణము నేలమట్టమైనది. చుట్టుప్రక్కల ఊళ్లతో కలిపి దాదాపు 300 మంది మరణించిరి. అక్టోబరు 30న వచ్చిన మరియొక భూకంపమున నోర్చాలోని బెనెడిక్టు దేవాలయము ముఖభాగమొకటి తక్క కూలిపోయినది. కాస్తెల్లూచ్చో ఇండ్లు శిథిలములైనవి. “అదే” అనువానికి ఈ ఊళ్లలో ఇంక పని లేదు. కాని 2017 వసంతమున, కొండదారులు ఇంకను మూసియుండగనే, కాస్తెల్లూచ్చో రైతులు ట్రాక్టర్లను బారుగా పైకి నడిపించుకొనిపోయి మసూరు విత్తిరి. వారును మరలి వచ్చినవారే. పోయినదానిని మరల పొందుటకు వారు రాలేదు, ఋతువు వచ్చినది గనుక వచ్చిరి. ఇదియు పునర్యాత్రయే, నా పట్టికలోని పునర్యాత్రకును దీనికిని ఎంత దూరము!

ఆలోచించిన కొలదిని, ఆ పర్వతజీవనమంతయు ఇట్టి మరలిరాకలతోనే అల్లబడినదని తెలియును. శరత్తులో గొర్రెలను తోలుకొని కాపరులు లాక్విలా నుండి ఫొజ్జా వరకు 244 కిలోమీటర్ల పచ్చిక బాటపై పూల్యా మైదానములకు దిగి, వేసవి ముంగిట మరల కొండనెక్కుదురు. నూరు మీటర్లకు పైబడిన వెడల్పుగల ఆ బాటలపై 1447లో అరగాను రాజు ఆల్ఫాన్సో సుంకపుశాఖ నొకదానిని స్థాపింపగా, అది 1806 వరకు సాగినది. మందల నడక మాత్రము దానికి ముందును ఉండెను, తరువాతను ఉండెను. నేడు నడచు మందలు కొలదివైనను, ఆ సంచారమును 2019లో యునెస్కో మానవజాతి వారసత్వముగా గుర్తించినది. పెకొరీనో రుచి ఈ నడకకు ఫలము. నడక రుచికై పుట్టినది కాదు. నవెల్లిలోని కుంకుమపువ్వు సంగతియు ఇట్టిదే. అన్యదేశములలో ఆ దుంపలను కొన్ని యేండ్లు నేలలోనే విడిచియుంతురు. ఇచట ప్రతి వేసవిని త్రవ్వి తీసి, చెడినవానిని ఏరివేసి, వేరొక చేనిలో మరల నాటుదురు. అక్టోబరు మాసమున సూర్యుడు పువ్వును విప్పకముందే కోసి, ఆ దినమే ఎర్రని కేసరములను వేరుచేసి, నిప్పులపై జల్లెడలో ఆరబెట్టుదురు. కిలో కుంకుమకు లక్షన్నర నుండి రెండు లక్షల పువ్వులు కావలెను. ఏటేట పెకలింపబడి, ఏటేట క్రొత్తనేల చేరుటయే ఆ దుంపకు నిలుకడ.

అయితే నాకు సమాధానము దొరకినది పొలములలో గాక ఒక విందులో. మార్సికా కొండలలోని విల్లవల్లెలొంగాలో, జనవరి 17న వచ్చు సంత ఆంతోనియో పండుగకు ముందురాత్రి, కొన్ని ఇండ్లవారు పనార్ద అను విందు చేయుదురు. పూర్వము ఒక తల్లి ఊయలలో బిడ్డను విడిచి నీటికి పోయి వచ్చునప్పటికి తోడేలు ఆ బిడ్డను నోట కరచికొని పోవుచుండగా, ఆమె ఆంతోనియోను వేడినదనియు, తోడేలు బిడ్డను విడిచిపోయినదనియు, నాటి మ్రొక్కు ఈ విందనియు ఐతిహ్యము. మ్రొక్కు తల్లినుండి కొడుకునకు, కొడుకునుండి మనుమనికి వచ్చును. విందు మానుకొను స్వాతంత్ర్యము ఇంటివారికి లేదు. పదుల సంఖ్యలో వంటకములు రాత్రియంతయు వచ్చుచునే ఉండును. ప్రార్థనలు నడుమనడుమ సాగును. వడ్డించినదానిని కాదనుట అతిథికి తగదు. పైకి చూచువానికి ఇది తిండిపోతుల స్వర్గమువలె కనబడవచ్చును. లోన చూచినచో, కోరిక యొక్క ఏలుబడి సంపూర్ణముగా అంతరించిన భోజనమిది. పెట్టువాడు తన ఇష్టముచేత పెట్టుట లేదు. తినువాడు తన ఇష్టముచేత తినుట లేదు. ఎన్నడో బ్రతికిన ఒక శిశువు కొరకు ఈ ఇరువురును కట్టువడియున్నారు. అగస్టీను భయపడిన వల ఇచట లేకపోలేదు. కాని పన్నినది ఋణము, సుఖము కాదు.

మనుష్యుడు పుట్టుటతోడనే ఋణములతో పుట్టునని మన శ్రుతియు చెప్పినది. దేవఋణము, ఋషిఋణము, పితృఋణము అను మూడింటిని లోకమెరుగును. శతపథబ్రాహ్మణము మనుష్యఋణమని నాల్గవదానిని కూడ చేర్చి, ఇంట ఉండనిచ్చి అన్నము పెట్టుటయే దానికి విముక్తియని నిర్ణయించినది. ఈ విధిని గృహస్థుని పక్షమున చదువుట మనకు అలవాటు. అతిథి పక్షమున చదివినచో తేలునది వేరు. పెట్టినవాడు తన ఋణమును తీర్చుకొన్నాడు. తిన్నవాడు ఆ క్షణముననే ఋణస్థుడైనాడు. వెల చెల్లించితిని గనుక ఋణములేదని వాదింపవచ్చును. చెల్లించినది గిన్నెలోని పదార్థమునకే గాని, ఆ నేలను విడువక మిగిలిపోయిన జీవితములకు కాదు. ఆ బాకీని తిన్నవాని జ్ఞాపకమే చూపించును. రుచి మరపునకు రాకుండుట వాసనాబంధము కావచ్చును, కృతజ్ఞత కావచ్చును. మొదటిది “మరల ఇమ్ము” అనును, రెండవది “నేనేమి ఇయ్యవలెను” అనును.

ఈ విచారము ప్రయాణపట్టికపై చేసిన మార్పు స్వల్పమైనది కాదు. వంటకముల వరుసను తీసివేసి మాసముల వరుసను వ్రాసితిని. వ్రాయగా తెలిసినదేమనగా, నా జిహ్వ ఒకే వారమున కోరిన పదార్థములు ఋతుచక్రమున ఒకదానికొకటి నెలల ఎడముగా ఉన్నవి. మసూరుకోత వేసవి చివరిది, కుంకుమకోత అక్టోబరుది, పనార్ద జనవరిది. అన్నిటిని ఒకేసారి పొందగోరువాడు భోజనశాలల నిలువసరకును మాత్రమే పొందును. అందువలన అక్టోబరునే ఎంచుకొని, తక్కినవానిని విడిచితిని. నవెల్లిలో రిసొత్తోకు ముందు తెల్లవారుజామున చేనికి పోవలెను, రైతు అనుమతించినచో పువ్వులు కోయవలెను, మధ్యాహ్నము బల్లచుట్టు కూర్చున్నవారితో కేసరములు తీయవలెను, కొనునది వారివద్దనే కొనవలెను. విల్లవల్లెలొంగాలో పనార్ద అనునది వెల యిచ్చి పొందు వస్తువు కాదు, ఒక ఇంటి మ్రొక్కు. పిలుపు లేనిదే ఆ గడప త్రొక్కరాదు గనుక ఈసారికి ఆ ఊరు పట్టికనుండి తొలగినది. సాంతో స్తెఫానో మాత్రము నిలిచినది. నా భార్య అడిగిన ప్రశ్నకు ఆమెయే ఉత్తరము చెప్పినది: “ఆవిడ వండలేకపోతే మనమే వండి పెడదామండీ. ఆ మాత్రం పప్పు నాకూ వచ్చు.” శతపథము చెప్పిన విముక్తి ఇంతకంటె వేరుగా ఉండునని నేననుకొనను.

ఇచట ఒక ఆక్షేపము నిలుచును. ఇదంతయు జిహ్వాచాపల్యమునకు వేదాంతపు మేలిముసుగు కాదా? ఋణమని, కృతజ్ఞతయని పలికి, చివరకు పోవునది ఆ పప్పు తినుటకే కదా? ఈ ఆక్షేపమును నేను పూర్తిగా త్రోసివేయజాలను. ఆ పప్పు అచట ఇక దొరకదని తెలిసినను పోవుదునా యని నన్ను నేను ప్రశ్నించుకొన్నప్పుడు, పోవుదుననియే ఉత్తరము వచ్చుచున్నది. కాని ఎన్నడును దానిని తినియుండనిచో ఆ ఊరిపేరు నాకు తెలిసెడిదే కాదు. ఋణమును నాకు పరిచయము చేసినది జిహ్వయే. తలవాకిట నిలిచి లోపలివారి పేరు చెప్పినదానిని, ఆ ఉపకారము పొందిన పిమ్మట, అపరాధిగా నిలబెట్టుట న్యాయము కాదు. లోపల ఏలుబడి చేయనీయకుండుట చాలును. వరుణపుత్రుడైన భృగువు తపస్సు చేసి మొదట అన్నమునే బ్రహ్మముగా తెలిసికొన్నాడనియు, అచట నిలిచిపోక ప్రాణమునకు, మనస్సునకు, విజ్ఞానమునకు, ఆనందమునకు పోయినాడనియు తైత్తిరీయము చెప్పును. ఆయనను తండ్రి మరల తపస్సు చేయుమని పంపెనే గాని, మొదటి మెట్టు అబద్ధమని అనలేదు.

పరమును చూచినవానికి రసము తానుగా మరలునని గీత ఇచ్చిన అభయము నావంటివానికి ఇంకను దూరము. నేను చూచినది పరము కాదు. ఒక కొండనేల, కొన్ని చేతులు, ఏటేట ఋతువును బట్టి మరలివచ్చు కొందరు మనుష్యులు. అంతమాత్రపు దర్శనముచేత రసము మరలలేదు గాని, “అదే కావలెను” అను దాని మంకు మరలినది. ఆకలి నాతోడనే వచ్చును. అచట ఏది పండినదో, ఎవరు వండగలిగిరో, దానినే అది తినవలసియుండును. ఆ పప్పు దొరకినచో సంతోషముతో తిందుము. దొరకకున్నను ప్రయాణము నష్టమని వ్రాసికొనము.